తుప్పు ఏదో, తిక్క ఏదో చూడకుండా రాస్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

వేరుశనగ తుప్పు తెగులు మీద రెండు వారాల కిందట జిల్లా పేజీలో మీరు వేసిన వార్త చూసిన రోజే రాద్దామనుకున్నాను. కరెంటు రాత్రిపూట ఇస్తుంటే నీళ్లు కట్టుకోవడంతోనే సరిపోయింది. పైన శీర్షికలో తుప్పు అన్నారు, కింద వేసిన ఫొటో తిక్క ఆకుమచ్చ తెగులుది. గోధుమ రంగు గుండ్రటి మచ్చలు, చుట్టూ పసుపు వలయం కనిపిస్తూనే ఉన్నాయి. పేపర్ చేతికివ్వగానే మా ఆవిడ "ఇది తిక్క కదా" అంది. చదువుకున్నవాళ్లు ఇంతమంది చేతులు దాటి అచ్చయిన పేజీలో ఆ మాత్రం చూసేవాళ్లు లేకపోయారా?

ఫొటోనే కదా అంటారేమో. కిందటేడు ఇదే పొరపాటుకు నేను పంట పోగొట్టుకున్నాను. ఆకు కాగితంలో చుట్టి మందుల షాపుకు తీసుకెళ్తే, ఆయన తిప్పి కూడా చూడకుండా తిక్కే అని కార్బెండజిమ్ అనే శిలీంద్రాల మందు ఇచ్చాడు. రెండుసార్లు కొట్టాను. తిక్కకు అది పనిచేస్తుంది, తుప్పుకు పనిచేయదు, రెండూ వేర్వేరు జాతుల శిలీంద్రాలు. నాకా సంగతి తెలిసేసరికి రెండెకరాలు మంట పెట్టినట్టు ఎండిపోయాయి. తుప్పును గుర్తుపట్టాలంటే ఆకు వెనక్కి తిప్పాలి సార్. అడుగున గుండుసూది తలంత పొక్కులు, వేలితో రుద్దితే ఇటుక పొడిలా అంటుకుంటుంది. ముదిరిన పొలంలో అటూ ఇటూ నాలుగు సాళ్లు నడిస్తే చాలు, తెల్ల పంచె మోకాళ్ల దాకా కుంకుమ రంగుకు తిరుగుతుంది. తిక్క వస్తే ఆకు రాలిపోతుంది, తుప్పు వస్తే ఎండి కూడా చెట్టుకే వేలాడుతుంది. ఇదంతా మీ వార్తలో రెండు వాక్యాలు పట్టేది.

ఇక రెండో సంగతి, నన్ను ఎక్కువ బాధపెట్టింది. "తుప్పు అసలు సోకని విత్తనం వచ్చేసింది, ఇక మందు కొట్టే పనే లేదు" అని రాశారు. ఎవరు చెప్పారు మీకు? ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల జీపీబీడీ-4 రకం మా బావమరిది పావగడ వైపు నుంచి తెచ్చిస్తే పోయిన రబీలో అర ఎకరం వేశాను. తుప్పు దానికీ వచ్చింది. కాకపోతే పొక్కులు తక్కువ, చిన్నవి, సగం పగలనే లేదు, పొడి రాలితేనే కదా పక్క చెట్టుకు అంటేది. పీకే రోజు దాకా ఆకు పచ్చగా ఉంది. తట్టుకోవడం వేరు, అసలు సోకకపోవడం వేరు. మీ మాట నమ్మి రైతు పొలం వైపు చూడటం మానేస్తే ఆ నష్టం ఎవరు కడతారు?

తుప్పును తట్టుకునే ఆ గుణం ఎక్కడ నుంచి వచ్చిందో కూడా రాయాల్సింది. మనం వేసే వేరుశనగ అంతా రెండు అడవి జాతులు కలిసి పుట్టిన ఒకే వంశం, అందుకే అందులో వైవిధ్యం తక్కువ. బొలీవియా నుంచి తెచ్చిన అరాకిస్ కార్డినాసీ అనే అడవి వేరుశనగను 1960లలో అమెరికాలో సాగు రకంతో కలిపారు. ఆ సంతతే చేతులు మారి మారి మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ దాకా, అక్కడి నుంచి జీపీబీడీ-4 దాకా వచ్చింది. 2014లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆ జన్యు భాగాన్ని డీఎన్ఏ గుర్తుల సాయంతో పట్టుకుని జేఎల్-24, టీఏజీ-24, మా అనంతపురంలో పాత టీఎంవీ-2 రకం బదులు తెచ్చిన ఐసీజీవీ 91114 రకాల్లోకి ఎక్కించిన సంగతి ప్రచురించారు. తుప్పును తట్టుకోవడంలో మొక్కకూ మొక్కకూ ఉండే తేడాలో 80 శాతం పైగా ఆ ఒక్క భాగంతోనే ముడిపడి ఉందని వాళ్ల లెక్క. గర్వపడాల్సిన పని. భయపడాల్సింది కూడా అక్కడే ఉంది, ఎందుకంటే బరువంతా ఒక్క గుంజ మీదే వేస్తున్నాం.

అమెరికాలో ఫ్లోర్ అనే ఆయన 1940లలోనే అవిసె తుప్పు మీద పనిచేసి చెప్పాడు, మొక్కలో తట్టుకునే జన్యువు ఒకటుంటే తెగులులో దానికి జోడీ జన్యువు ఒకటుంటుందని. మొక్క తెగులును దాని గుర్తు చూసి పట్టుకుంటుంది, పట్టుకున్న చోట తన కణాలను తానే చంపుకుంటుంది, బతికున్న కణాల మీదే బతికే తుప్పు తిండి లేక ఆగిపోతుంది. కావలివాడు దొంగను చొక్కా చూసి గుర్తుపడుతున్నాడు, దొంగ చొక్కా మార్చాడనుకోండి, ఇక కావలి ఏమైనట్టు? గోధుమలో జరిగింది ఇదే. రై అనే ధాన్యపు మొక్క నుంచి వచ్చిన ఎస్ఆర్31 అనే జన్యువును నమ్ముకుని ఎన్నో దేశాలు గోధుమ వేశాయి, 1998లో ఉగాండాలో దాన్ని దాటేసిన తుప్పు కనబడింది, యూజీ99 అని పేరు పెట్టారు, 2007 కల్లా ఇరాన్‌లో ఉంది. అంత దూరం ఎందుకు, కర్ణాటక కాఫీ తోటల్లో తుప్పును తట్టుకుంటుందని వందేళ్ల కిందట కెంట్స్ రకం వేసుకుంటే కొన్నేళ్లకే దానికీ తెగులు పట్టింది. వేరుశనగలో అలా జరిగిందని నేను అనడం లేదు, జరగదని మీరు రాయొద్దంటున్నాను.

అధికారుల సంగతీ చెప్పాలి. సబ్సిడీ విత్తనం ఇచ్చేటప్పుడు ఏ రకం, దేన్ని తట్టుకుంటుంది, దేన్ని తట్టుకోదు అని అడిగితే మా దగ్గర చెప్పేవాళ్లు లేరు. బయోమెట్రిక్ వేలిముద్ర పడిందా లేదా అన్నదే వాళ్ల టెన్షన్. ఎక్కువమందికి కె-6 (కదిరి-6) రకం ఒక్కటే ఇస్తారు, అది తుప్పుకూ తిక్కకూ రెండిటికీ లొంగుతుంది. పంట పోయాక రైతు నిర్లక్ష్యం అని రాసుకుపోతారు, మీరూ అదే అచ్చేస్తారు. ఒకప్పుడు కడప రేడియోలో రైతుల కార్యక్రమం వింటే ఏ మచ్చ ఏ తెగులుదో విడమరిచి చెప్పేవాళ్లు, పొలంలో ట్రాన్సిస్టర్ పెట్టుకుని వినేవాళ్లం. ఇప్పుడు అరచేతిలో ఫోన్ ఉంది, అడిగితే చెప్పే మనిషి లేడు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. వచ్చే ఖరీఫ్‌కు సంచి మీద రకం పేరుతోపాటు ఏ తెగులును ఎంతవరకు తట్టుకుంటుందో తెలుగులో రాయించండి. జిల్లా అంతటికీ ఒకే రకం కట్టబెట్టకుండా నాలుగు రకాలు పంచండి. తట్టుకునే రకం వేసిన పొలాల్లో కూడా పొక్కులు పెరుగుతున్నాయేమో ఎవరో ఒకరు ఏటా చూసి రాసిపెట్టండి. రాలిన కాయల నుంచి మొలిచిన చెట్లు పీకేయమని ఊరూరా చెప్పండి, మళ్లీ పంట వేసేదాకా తుప్పు దాక్కునేది వాటి మీదే.

మీరు సవరణ వేసేటట్టయితే ఫొటో కోసం వెతుక్కోనక్కర్లేదు. శివరాత్రి దాటాక పీకేస్తాం, ఈలోగా మీ విలేకరిని పంపండి. మా పక్క పొలంలో కె-6 ఉంది, నా దగ్గర జీపీబీడీ ఉంది, మధ్యలో గట్టే అడ్డం. రెండింటి ఆకులూ వెనక్కి తిప్పి పక్కపక్కన పెట్టి తీయమనండి.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
ఉమ్మడి అనంతపురం జిల్లా