హోటల్ గుమ్మం మీదే పరిశుభ్రత రేటింగ్ ఉండాలి

సంపాదకుడికి,

అయ్యా,

2024 వేసవి నుంచి హైదరాబాద్ హోటళ్లలో ఆహార భద్రత టాస్క్‌ఫోర్స్ చేసిన తనిఖీల గురించి పత్రికల్లో చదివాం, ఎక్స్‌లో ఫొటోలు చూశాం. మూతల్లేని గిన్నెలు, ఒకే ఫ్రిజ్‌లో పచ్చిమాంసం పక్కనే వండిన కూర, గడువు దాటిన మసాలా ప్యాకెట్లు, తలకు టోపీ లేకుండా పొయ్యి దగ్గర నిలబడిన వంటవాళ్లు. పేరుమోసిన హోటళ్లు కూడా అందులో ఉండేసరికి జనం నివ్వెరపోయారు. అధికారులు చేసింది ముమ్మాటికీ మంచి పనే. కానీ ఫొటోలు బయటపడిన వారం రోజులు వెలవెలబోయిన హోటల్, నెల తిరక్కుండానే మళ్లీ కిటకిటలాడుతుంది. ఈలోగా ఆ వంటగది బాగుపడిందా లేదా? అక్కడ డబ్బిచ్చి తినేవాళ్లకు అది తెలిసే దారి లేదు. నా బాధంతా దాని గురించే.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం, నిబంధనలు పాటించని యజమానికి ముందుగా మెరుగుదల నోటీసు ఇస్తారు. సరిదిద్దుకోవడానికి పద్నాలుగు రోజులకు తగ్గకుండా గడువు ఉంటుంది. అప్పటికీ మారకపోతే లైసెన్సు సస్పెండ్ చేయవచ్చు, ఆ తర్వాత రద్దు కూడా చేయవచ్చు. పద్ధతి సబబుగానే ఉంది. అయితే ఆ నోటీసు యజమానికీ శాఖకూ మధ్య కాగితంగానే ఉండిపోతోంది. క్యాష్ కౌంటర్ వెనుక దేవుడి పటాల పక్కన వేలాడే సర్టిఫికెట్‌లో మనకు కనిపించేది పద్నాలుగు అంకెల నంబరు ఒక్కటే. అది 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. వ్యాపారానికి అనుమతి ఉందని ఆ నంబరు చెబుతుంది, వంటగది శుభ్రంగా ఉందో లేదో చెప్పదు.

ఈ నంబరు ఇచ్చే కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐకి పరిశుభ్రత రేటింగ్ పథకం ఉన్న మాట నిజమే. కానీ అది స్వచ్ఛందం. కావాలనుకున్న హోటల్ తన ఖర్చుతో బయటి సంస్థ చేత ఆడిట్ చేయించుకుని రేటింగ్ తెచ్చుకుంటుంది. తక్కువ వస్తుందని తెలిసినవాళ్లు ఎందుకు అడుగుతారు? మనం ఎవరి వంటగది గురించి తెలుసుకోవాలో వాళ్లే ఈ పథకానికి దూరంగా ఉంటారు. డెలివరీ యాప్‌లలోని నక్షత్రాలను నమ్ముకుందామా అంటే, అవి తిన్నవాళ్లు రుచిని బట్టి ఇచ్చినవి. వాళ్లలో వంటగది గడప తొక్కినవాళ్లు ఎవరూ లేరు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 నవంబరు నుంచి అమల్లో ఉన్న పద్ధతి చూడండి. స్థానిక కౌన్సిల్ అధికారి చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీ చేసి, సున్నా నుంచి ఐదు వరకు రేటింగ్ ఇస్తారు. ఆ స్టిక్కర్‌ను ప్రవేశద్వారం దగ్గర అందరికీ కనబడేలా అంటించి తీరాలి. ఎవరైనా ఫోను చేసి అడిగినా చెప్పాలి. రేటింగ్ ఇచ్చేటప్పుడు చూసేవి మూడు: ఆహారాన్ని ఎలా వండి, చల్లబరిచి, నిల్వ చేస్తున్నారు; వంటగది ఎలా ఉంది; రేపు కూడా ఇలాగే నడుపుతారన్న నమ్మకం యాజమాన్యం మీద కలుగుతోందా. ఈ మూడోది నాకు చాలా నచ్చింది. తనిఖీ రోజున నేల కడిగించడం ఎవరికైనా చేతనవుతుంది. పురుగుల మందు కొట్టించిన రికార్డు, నీటి పరీక్ష నివేదిక, సిబ్బంది వైద్య పరీక్షల పత్రాలు మాత్రం ఆ పూటకు పుట్టుకురావు. యజమానికి అన్యాయం జరగకుండా అప్పీలు హక్కు ఉంది. లోపాలు సరిదిద్దుకుని మళ్లీ రేటింగ్ ఇవ్వమని కోరే వీలూ ఉంది.

ఇలాంటిది పెడితే చిన్నవాళ్లు నలిగిపోతారని కొందరి భయం. నాకు అలా అనిపించదు. పాలరాతి గోడలున్న రెస్టారెంటు కంటే, తెల్లవారుజామున రుబ్బిన పిండితో ఇడ్లీ వేసి పదింటికల్లా గిన్నెలు తోమేసే టిఫిన్ సెంటర్‌కే మంచి రేటింగ్ రావచ్చు. నేడు ఆ శుభ్రతకు గుర్తింపు లేదు. అధికారులు చాలరన్నది నిజమైన ఇబ్బందే. నియామకాలు జరగాల్సిందే. ఈలోగా ప్రమాదం ఎక్కువున్న చోటికి తరచుగా, తక్కువున్న చోటికి అరుదుగా వెళ్లేలా ప్రణాళిక వేసుకోవచ్చు.

పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. అది అవసరమే. కానీ ఒక్కో పదార్థాన్ని నిషేధిస్తూ పోతే వంటగదులు మారవు.

తప్పనిసరి రేటింగ్‌ను ప్రభుత్వం ముందు తన వంటగదుల్లోనే మొదలుపెట్టాలని నా విన్నపం. గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు, ఆసుపత్రుల క్యాంటీన్లు, బస్టాండ్లలోని స్టాళ్లు. హాస్టల్ పిల్లలకు ఇంకో హోటల్‌కు వెళ్లే అవకాశం ఉండదు కదా! ఆ తర్వాత ప్రైవేటు హోటళ్లను, డెలివరీకి మాత్రమే వండే, గుమ్మం కూడా కనిపించని క్లౌడ్ కిచెన్లను అడిగితే ఎవరూ కాదనలేరు. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ముద్రించడం ఎలాగూ తప్పనిసరి. దాని పక్కనే రేటింగ్‌నూ, చివరి తనిఖీ జరిగిన తేదీనీ చేర్చాలని ఆహార భద్రత కమిషనర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్