పురుగుమందు కొట్టేవాళ్ల చర్మం గురించీ రాయండి

సంపాదకులకు,

కుందేళ్లకు బదులు ప్రయోగశాలలో పెంచిన చర్మం మీద పరీక్షలంటూ పోయిన వారం మీ లోపలి పేజీలో వార్త వేశారు. పక్కన క్రీము రాసుకుంటున్న అమ్మాయి బొమ్మ. ఇదంతా సౌందర్య సాధనాల గొడవే అన్నట్టు అక్కడితో ముగించారు. నాకు చాలా బాధేసింది. రసాయనాలకు ఎవరి ఒళ్లు కాలుతోందో మా కోనసీమలో ఏ చేలగట్టు మీద నిలబడినా కనిపిస్తుంది. వీపున ట్యాంకు మోసేవాళ్లను, రొయ్యల చెరువులో బ్లీచింగ్ చల్లే కుర్రాళ్ల చేతులను ఒక్కసారి చూడండి.

పోయిన దాళ్వా పంటలో మా చేలో పురుగుమందు కొట్టినతనికి ట్యాంకు కారి నడుం మీద అరచెయ్యంత బొబ్బ లేచింది. డబ్బా మీది త్రికోణం రంగు ఎంత మందు ప్రాణం తీస్తుందన్న లెక్కతో వేసేది. చర్మం కాలుతుందో లేదో అది చెప్పదు. జాగ్రత్తలేమో భూతద్దానికి కూడా అందని అక్షరాల్లో ఉన్నాయి. కొట్లో అడిగితే ‘అందరూ అదే కొడుతున్నారండీ’ అన్నారు. అధికారుల్ని అడిగితే కంపెనీకి రాసుకోమన్నారు. ఒకప్పుడు గ్రామసేవకులు గట్టు మీదికొచ్చి మందు ఎలా కలపాలో చూపించేవారు. ఇప్పుడు వచ్చేది ఫొటోలకే.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కుందేలు వీపు గొరిగి రసాయనం రాసి, ఎరుపుకీ వాపుకీ కంటిచూపుతో మార్కులు వేసే పద్ధతిని డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త 1944లో అమెరికాలో ప్రకటించాడు. ఒకరు రెండు వేసినచోట ఇంకొకరు మూడు వేస్తారు. పైగా కుందేలు చర్మం మన చర్మం కాదు. ఆ మూగజీవం పడే హింస సరేసరి. కొత్త పద్ధతిలో మనిషి చర్మకణాలనే పొరలుగా పెంచి, వాటి మీద రసాయనం వేస్తారు. తరువాత ఎంటీటీ అనే పసుపు రంగు కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. 3 నిమిషాలకే బతికున్నవి సగం కన్నా తగ్గినా, గంటకు 15 శాతం కన్నా తక్కువే మిగిలినా ఆ రసాయనం చర్మాన్ని తినేసేదే. సంపన్న దేశాల సహకార సంస్థ ఓఈసీడీ 2004లోనే ఈ పరీక్షను ఆమోదించింది. ఒంట్లోకి ఇంకిన మందు లోపల ఏం చేస్తుందో ఇది చెప్పదు, నిజమే. కానీ చర్మం మాట గట్టిగా చెబుతుంది.

సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. ఔషధాల నిబంధనల్లోనూ 2023లో జంతువులు లేని పద్ధతులకు చోటిచ్చారు. పురుగుమందులకు మాత్రం అలాంటి నిషేధం లేదు. హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, మా పక్క జిల్లా మార్టేరులో వరి పరిశోధన కేంద్రం ఉంది. మన చేలల్లో కొట్టే ప్రతి మందునూ మనిషి చర్మకణాల మీద పరీక్షించి, ఫలితాన్ని డబ్బా మీద పెద్ద తెలుగు అక్షరాల్లో వేయించమని మీ పత్రిక అడగాలి.

అతని నడుం మీద మచ్చ ఇంకా పోలేదు. మొన్న మళ్లీ పనికొచ్చాడు. ‘ఈసారి ఏ మందండీ?’ అని డబ్బా తిప్పి చూశాడు. చదివి చెబుదామంటే అందులో నాకేమీ దొరకలేదు.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం