అద్దంలా మెరిసిన షాఫ్టు

చిట్టితల్లీ,

"షాఫ్టు డ్రాయింగులో సైజు ఎంత అటూఇటూ కావచ్చో టాలరెన్స్ ఇచ్చారు కదా నాన్నా, మళ్ళీ గరుకుతనం కొలత ఈ ఆర్‌ఏ 0.4 ఎందుకు? సానచక్రంతో చేసే గ్రైండింగ్ తీసేస్తే ఖర్చు తగ్గదా?" అని నిన్న ఫోన్లో అడిగావు. షెడ్డులో మిషన్ల గోల, సరిగ్గా చెప్పలేకపోయాను.

నీ చిన్నప్పుడు నాకు నలభై పంపు షాఫ్టుల ఆర్డర్ వచ్చింది. నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, కూర్చునే చోట గ్రైండింగ్ చేయాలని డ్రాయింగులో ఉంది. మనకప్పుడు ఆ మిషన్ లేదు. బయట చేయిస్తే మిగిలేదేమీ లేదని లేత్ మీదే టూల్ మెల్లగా జరిగేలా సన్నటి ఫీడ్ పెట్టి, ఎమరీ పేపరు పట్టి అద్దంలా చేశాను. మైక్రోమీటరు పెడితే సైజు సరిగ్గా ఉంది. ఏటికొప్పాకలో మీ తాతయ్య లక్క బొమ్మకి మొగలి ఆకు పట్టి మెరుపు తెచ్చేవాడు. అక్కడ మెరిస్తే పని అయిపోయినట్టే. నేనూ ఆ కంటితోనే చూసి మురిసిపోయాను.

వారం తిరక్కుండా నలభై షాఫ్టులూ వెనక్కొచ్చాయి. నూనె కారుతోందట. కొత్త సీల్ వేసినా ఆగలేదు. ఎదురు దిక్కుకి తిప్పితే మాత్రం ఆగింది! అప్పుడు వెలిగింది నాకు. లేత్ టూల్ పక్కకి జరుగుతూ కోస్తుంది కదా, షాఫ్టు చుట్టూ స్క్రూకి ఉన్నట్టు కంటికి ఆనని మర పడుతుంది. ఎమరీతో దాని మొనలు అరుగుతాయి గానీ మర పోదు. తిరిగినప్పుడల్లా అదే సీల్ కింద నుంచి నూనెను బయటికి తోస్తుంది. గ్రైండింగ్ చక్రాన్ని పక్కకి జరపకుండా నేరుగా దించితే ఆ మర పడదు.

ఆర్‌ఏ అంటే ఎత్తుపల్లాల సగటే, గీత ఎటు తిరిగిందో అది చెప్పదు. సీల్ చోటికి 0.2 నుంచి 0.8 మైక్రాన్లు అడుగుతారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంతకంటే నునుపు చేసినా తప్పే, నూనె పొర నిలవక సీల్ అంచు మాడిపోతుంది. ఇంజిన్ సిలిండర్లో సానరాళ్ళతో రుద్దిన హోనింగ్ గీతలు కావాలనే ఉంచేదీ నూనె నిలవడానికే.

సీల్, బేరింగ్ లాంటివి ఆనని చోట మాత్రం గ్రైండింగ్ తీసేయమని మీ సారుకి ధైర్యంగా చెప్పు. అక్కడ అది దండగ.

ఆ నలభైలో ఒకటి ఇంకా షెడ్డులోనే ఉంది. పండక్కి వచ్చినప్పుడు లేత్‌కి కడదాం. నూనె రాసి, బరువు కట్టిన దారం దాని మీద వేలాడదీసి మెల్లగా తిప్పితే, దారం ఆ మర వెంట దానంతటదే పక్కకి నడుస్తుంది.

నాన్న