1068 ఎర్రర్ వచ్చిందంటే తప్పు ఆ సర్వీసుది కాదు

నాన్నా,

రాత్రి ఫోన్లో నీకు ఏడుపొక్కటే తక్కువ. మూడుసార్లు రీస్టార్ట్ చేశానన్నావు, కేబుల్ మార్చానన్నావు, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశానన్నావు. అయినా నెట్‌లాగాన్ సర్వీసు, అదే, సర్వర్‌తో మాట్లాడి లాగిన్లు సరిచూసే వెనకాల ప్రోగ్రామ్, స్టార్ట్ అవ్వట్లేదు. నిద్రమత్తులో నేనేదో చెప్పి పెట్టేశాను గానీ, పొద్దున్నే లేచి ఆలోచిస్తే నువ్వు చెప్పినదాంట్లోనే సగం జవాబుంది.

ఆ కంప్యూటర్లో ఇంటర్నెట్ వస్తోంది, షేర్డ్ ఫోల్డర్లు మాత్రం తెరుచుకోవట్లేదు, అవునా? నెట్ వస్తుంటే పాపం కేబుల్‌ని అనుమానించడం ఎందుకురా? అలాగని లాగిన్ అవుతోంది కాబట్టి డొమైన్, అంటే అందరి లాగిన్లూ ఒక సర్వర్ చూసుకునే ఏర్పాటు, బాగానే ఉందనీ అనుకోకు. సర్వర్ అందకపోయినా, ఇదివరకు ఆ కంప్యూటర్లో లాగిన్ అయినవాళ్ళ వివరాలు విండోస్ దాచుకుని లోపలికి రానిస్తుంది. మామూలుగా అయితే 10 మందివి దాచుకుంటుంది.

ఇక ఆ ఎర్రర్. "ఏదో ఎర్రర్ వచ్చిందమ్మా" అన్నావు, రెండుసార్లు అడిగితే గానీ 1068 అని చెప్పలేదు. ముందు చెప్పాల్సిందే అది! 1068 అంటే నెట్‌లాగాన్ పాడైందని కాదు, అది ఆధారపడిన ఇంకో సర్వీసు లేవలేదని. సర్వీసుల లిస్టులో నెట్‌లాగాన్ మీద డబుల్ క్లిక్ చేసి డిపెండెన్సీస్ ట్యాబ్ తెరువు. పై గడిలో వర్క్‌స్టేషన్ అని ఉంటుంది. వేరే కంప్యూటర్లలోని షేర్డ్ ఫోల్డర్లు తెరవడానికి కావలసిందీ అదే. అందుకే నాకు దాని మీదే అనుమానం. దాని స్టార్టప్ టైప్ డిసేబుల్డ్ అని ఉంటే ఆటోమేటిక్ చేసి, ముందు దాన్ని లేపు, ఆ తర్వాతే నెట్‌లాగాన్. వర్క్‌స్టేషన్ కూడా 1068 అంటే, దాని డిపెండెన్సీస్ చూసి ఇంకో మెట్టు కిందికి దిగు.

నంబరు చదవకుండా నేనూ ఒకసారి బాగా దెబ్బతిన్నానులే. ఆఫీసులో బ్యాకప్ సర్వీసు ఉన్నట్టుండి మొరాయించింది. పోర్టు ఇంకేదైనా ప్రోగ్రామ్ పట్టుకుందేమోనని నెట్‌స్టాట్ కమాండ్‌తో వెతికాను, చివరికి సాఫ్ట్‌వేరే తీసేసి మళ్ళీ ఎక్కించాను. రాత్రి తొమ్మిదయింది. స్క్రీన్ మీద 1069 అని పొద్దుట్నుంచీ కనిపిస్తూనే ఉంది. అంటే లాగాన్ ఫెయిల్యూర్. ఆ సర్వీసు నడిచే అకౌంటు పాస్‌వర్డ్ మూడు వారాల కింద మార్చారు. నడుస్తున్నంతసేపూ దానికి ఆ సంగతి తెలియలేదు, రీస్టార్ట్ అయ్యాక పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొట్టింది. లాగ్ ఆన్ ట్యాబ్‌లో కొత్తది టైప్ చేస్తే నిమిషంలో లేచింది. ఆ పాస్‌వర్డ్ మార్చింది ఎవరనుకున్నావు? నేనే. మా మేనేజర్‌కి మాత్రం చెప్పలేదు.

రేపు వెళ్ళగానే దేన్నీ ముట్టుకోకుండా, విండోస్ రాసుకున్న సంగతులు చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో సర్వీస్ కంట్రోల్ మేనేజర్ పేరుతో ఉన్న వరుసలు చూడు. 7001 అనే ఈవెంట్ నంబరు ఉంటే ఏ సర్వీసు దేని వల్ల ఆగిందో అందులో పేర్లతో సహా రాసి ఉంటుంది. ఇంకాస్త వెనక్కి వెళ్ళి 7040 ఉందేమో కూడా చూడు. స్టార్టప్ టైప్ ఎప్పుడు మారిందో అందులో తేదీ, టైముతో దొరుకుతుంది. అది నువ్వు కంప్యూటర్ స్పీడు పెంచుతానని ఏవో సర్వీసులు ఆపిన రోజే అయితే నాకు మాత్రం ఫోన్ చెయ్, మీ నాన్నకి చెప్పను.

అమ్మ