మార్చిలో ఇచ్చే సాయం జూన్ అవసరాలకు అందడం లేదు

సంపాదకులు గారికి,

కంపెనీలు సీఎస్‌ఆర్ (చట్టం ప్రకారం లాభాల్లోంచి సమాజానికి ఖర్చుపెట్టాల్సిన) నిధులతో పేద కుటుంబాలకు సరుకులు పంచుతున్న ఫొటోలు మీ జిల్లా పేజీల్లో ఏటా మార్చి నెలలో వరసపెట్టి వస్తుంటాయి. వాటిలో సంచులు పట్టుకుని నిలబడేవాళ్లలో చాలామంది మా వైపు వాళ్లే. పెదగంట్యాడలో ఒక చిన్న సేవా సంఘానికి నేను కోశాధికారిని. పోర్టులో అకౌంట్స్ గుమాస్తాగా రిటైరయ్యాను కాబట్టి సంఘం లెక్కలు నా నెత్తిన పడ్డాయి. సాయం రావడం లేదని నేను అనను. అది వచ్చే నెల ఒకటి, ఇళ్లు గడవని నెల ఇంకొకటి. నా బాధల్లా ఇదే.

గ్రాంటు మంజూరైందని మాకు కబురొచ్చేది ఫిబ్రవరి చివర్లో. మార్చి 31లోపు పైసా మిగలకుండా ఖర్చు కావాలి, సొమ్ము ఖర్చయిందని ధ్రువపత్రం (యూసీ) పంపాలి, ఫొటోలు జతచేయాలి. ఆ కొద్దిరోజుల్లో ఇంటింటికీ వెళ్లి ఎవరికేం కావాలో కనుక్కునే తీరిక ఎవరికుంటుంది? హోల్‌సేల్ కొట్లో బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు కొని, కంపెనీ పేరు అచ్చేసిన సంచుల్లో పెట్టి పంచేస్తాం. ఫ్లెక్సీ, షామియానా, శాలువాలు అదనం. (శాలువాలు కప్పించుకునేది సంచులు తీసుకునేవాళ్లు కాదని వేరే చెప్పాలా?)

రేషన్ కార్డున్న ఇంట్లో బియ్యానికి లోటు లేదు. మనిషికి ఐదు కేజీల చొప్పున ఉచితంగానే వస్తున్నాయి. లేనిదల్లా చేతిలో డబ్బు. మా వీధిలో ఒకావిడ భర్త కాంట్రాక్టరు దగ్గర వెల్డింగ్ పని చేసేవాడు. ఆ పని పోయింది. ఆవిడ మా ఆఫీసుకు వచ్చినప్పుడు పిల్లాడి రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో అన్నీ రాసుకుని తెచ్చింది. రెండు నెలల అద్దె, నెలకి నాలుగున్నర వేలు. గ్రూపు లోను వాయిదా. గ్యాస్ బండ. అత్తగారి బీపీ, షుగరు మందులు. స్కూలు ఆటో. ఆ పేజీలో బియ్యం ఊసే లేదు. సంచులు పంచిన రోజు ఆవిడ రాలేదు. తర్వాత కనిపిస్తే అడిగాను. “ఫొటోలు తీస్తారు కదండీ, మా ఆయనతో పనిచేసినవాళ్లంతా వాట్సాప్‌లో చూస్తారు” అంది. ఆవిడ సంచి రెండు రోజులు బీరువా పక్కనే ఉంది. ఫొటో లేకపోతే యూసీలో లెక్క కుదరదు కనుక చివరికి ఇంకొకరికి ఇచ్చేశాం.

ఇక జూన్ సంగతి. ఈ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వేటకు వెళ్లే మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలైంది, సంతోషమే. మరి ఫిషింగ్ హార్బర్‌లో గంపలు మోసేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, చేపలు కోసి శుభ్రం చేసి ఏ రోజు కూలి ఆ రోజు తీసుకునే ఆడవాళ్లు? బోట్లు లంగరేస్తే వాళ్లకూ పని ఉండదు, కానీ వేటకు వెళ్లరు గనుక ఆ జాబితాలో వాళ్ల పేర్లుండవు. అదే సమయానికి, జూన్ రెండో వారంలో, బళ్లు తెరుస్తారు. పాత ఫీజు బాకీ తీరిస్తేగానీ పిల్లల్ని క్లాసులో కూర్చోబెట్టేది లేదనే ప్రైవేటు బళ్లున్నాయి. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు పడిన ఇంట్లో కాస్త ఊపిరాడుతుంది, అవీ చాలాచోట్ల వడ్డీవాళ్లకే పోతున్నాయి. మాకు వచ్చే అర్జీల్లో ఎక్కువ ఆ నెలలోవే. అప్పటికి సంఘం ఖాతాలో ఉండేది మినిమమ్ బ్యాలెన్స్.

కంపెనీవాళ్లను అడిగితే “రూల్స్ అంతే సార్” అంటారు. రూల్స్ అలా లేవు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలి. ఒక్క ఏడాదిలో ముగియని కార్యక్రమమైతే, మిగిలిన సొమ్మును ఏప్రిల్ నెలాఖరులోగా ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాతి మూడేళ్లలో వాడుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది. మార్చిలో హడావిడిగా సంచులు కొనమని ఎక్కడా లేదు. ఇళ్లకు వెళ్లి విచారించే మనిషికి జీతం అడిగితే, నిర్వహణ ఖర్చు సీఎస్‌ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదని ఇంకో మాట చెబుతారు. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద. కార్యక్రమం నడపడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు.

ఇంకో చిక్కుంది. మూడేళ్ల సగటున లాభం లేని కంపెనీకి ఈ 2 శాతం బాధ్యతే ఉండదు. ఏ ఫ్యాక్టరీ నష్టాల్లో పడి మనుషుల్ని తగ్గిస్తుందో, దాని నుంచి చుట్టుపక్కల వీధులకు రావలసిన సాయమూ తగ్గుతూ వచ్చి ఆగిపోతుంది. స్టీల్ ప్లాంటు చుట్టూ గాజువాక నుంచి అగనంపూడి దాకా ఉన్నవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. లాభాల్లో ఉన్నవాళ్లు తమ గోడ పక్క కాలనీ దాటి కాస్త ఇటూ చూడాలి.

మేం నగదు చేతికిమ్మని అడగడం లేదు. అద్దె ఇంటి ఓనరు ఖాతాకు, ఫీజు బడి ఖాతాకు, మందుల బిల్లు షాపుకు మేమే కడతాం. రసీదులన్నీ పంపుతాం, ఆడిటరును పంపి చూసుకున్నా అభ్యంతరం లేదు. ఎవరికి ఏది కట్టాలన్నది మాత్రం ఆ వీధి తెలిసినవాళ్లకు వదిలేయండి, తీసుకున్నవాళ్ల ఫొటోలు అడక్కండి. ఆదాయపన్ను శాఖ గుర్తింపులు, మూడేళ్ల అనుభవం లేక, సీఎస్‌ఆర్ నిధులు తీసుకోవడానికి కావలసిన సీఎస్‌ఆర్-1 నమోదు దొరకని చిన్న మహిళా బృందాలు మత్స్యకారులుండే జాలారిపేటలాంటి చోట్ల ఉన్నాయి. నమోదైన సంఘాల ద్వారా వాళ్లనూ కలుపుకోవచ్చు.

జిల్లా కలెక్టరు గారు ఏప్రిల్‌లోనే కంపెనీల సీఎస్‌ఆర్ అధికారులను, మాలాంటి సంఘాలను ఒకచోట కూర్చోబెట్టాలని కోరుతున్నాను. ఏ వార్డులో ఏ నెలలో ఏం అడుగుతున్నారో మా లెక్కలు అక్కడ పెడతాం. మిగతా సంఘాలూ తమవి తెస్తే, జూన్ మొదటి వారానికి ఎంత డబ్బు, ఎవరి చేతికి చేరాలో ఆ రోజే తేల్చుకోవచ్చు.

ఇట్లు,
ఒక సేవా సంఘం కోశాధికారి,
పెదగంట్యాడ, విశాఖపట్నం