బోరు బండి బిట్టు: రాయి చూసి కొనండి

సంపాదకులు గారికి,

బోరుకు అడుగు ధర ఎందుకు పెంచారని రైతు అడిగితే బండి యజమాని ముందు డీజిల్ పేరు చెబుతాడు, ఆ వెంటనే రాతిని పగలగొట్టే బిట్టు పేరు. ‘ఈ రాతికి బిట్టు నిలవడం లేదు’ అంటాడు. రాయి గట్టిదే, కాదనలేం. అయినా పాడైన బిట్టును చేతిలోకి తీసుకుని చూస్తే చాలాసార్లు తప్పు రాతిది కాదని తెలిసిపోతుంది. ఆ రాతికి తగని బటన్లు (బిట్టు ముఖం మీద పొదిగిన గట్టి లోహపు మొనలు) ఉన్న బిట్టు కొనివుంటారు, లేదా సాన పట్టాల్సిన సమయం దాటిపోయాక కూడా తిప్పివుంటారు. సీజన్ ముందు కొత్త బిట్లు కొనేవాళ్ల కోసం, బోరు వేయించే రైతుల కోసం ఈ నాలుగు మాటలు.

అనంతపురం జిల్లాలో చాలా భాగం గ్రానైటు, నైసు రాయి, మధ్యలో అక్కడక్కడ నల్లరాతి డైకులు (రాతిని చీల్చుకుని వచ్చిన గోడల్లాంటి పొరలు). తాడిపత్రి దగ్గర నుంచి కడప పొరలు మొదలవుతాయి. పలకరాయి, సున్నపురాయి, వేంపల్లె డోలమైటు, ఆపైన పులివెందుల, గండికోట పేర్లతోనే పిలిచే, చాలా గట్టిదైన క్వార్ట్‌జైటు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి, సున్నపురాయి. వీటన్నిటికీ ఒకే బిట్టు పెట్టే బండ్లే ఎక్కువ. అంగడిలో బిట్టు సైజు అడుగుతారు, ధర అడుగుతారు, బటన్ ఆకారం మాత్రం అడగరు.

బటన్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గుండ్రటి తలది, రెండోది తూటా మొనలాంటిది, దాన్నే బాలిస్టిక్ అంటారు. తూటా మొన రాతిలోకి త్వరగా దిగుతుంది. మెత్తటి పలకరాయి, సున్నపురాయిలో గంటకు ఎక్కువ అడుగులు ఇస్తుంది. అదే బిట్టును గ్రానైటులోకో క్వార్ట్‌జైటులోకో దింపితే మొన దగ్గర కార్బైడు (బటన్ చేసిన గట్టి లోహం) తక్కువ కాబట్టి చిట్లిపోతుంది. మొదటి బోరులో స్పీడు చూసి మురిసిపోయి అదే రకం మళ్లీ కొనేవాళ్లున్నారు, రెండో బోరులో బటన్లు విరుగుతాయి. గట్టి రాతికి గుండ్రటి బటన్లు, చదును ముఖం ఉన్న బిట్టే సరి. మధ్యరకం గట్టిదనం ఉండి బోరు వంకర పోకూడదనుకునే చోట లోపలికి గుంట ఉన్న ముఖం మంచిది. క్వార్ట్‌జైటుకు ఇంకో సంగతి కూడా చూడాలి. అది ఉప్పుకాగితంలా అరగదీస్తుంది, ముందు తినేది బిట్టు అంచు బటన్లనే. ఆరున్నర అంగుళాల బిట్టుకు అంచున సాధారణంగా 8 బటన్లుంటాయి. అక్కడ 14 మిల్లీమీటర్ల బటన్లున్న బిట్టు కంటే 16 మిల్లీమీటర్లవి ఉన్నది తీసుకోండి. ధర కొంచెం ఎక్కువైనా అదే చౌక.

ఇక సాన సంగతి. బటన్ తల అరిగి చదునైన భాగం బటన్ వెడల్పులో మూడో వంతుకు చేరగానే బిట్టు దింపేయాలి. 16 మిల్లీమీటర్ల బటన్ అయితే చదును 5 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే బటన్ రాతిని పగలగొట్టడం మానేసి రుద్దుతుంది. వేడెక్కుతుంది, పగుళ్లు వస్తాయి. దెబ్బ బలమంతా రాతిలోకి పోకుండా బిట్టు ఒంట్లోకి, దాన్ని వెనక నుంచి కొట్టే హ్యామర్‌లోకి తిరిగి వస్తుంది. ఇంకో రెండు బోర్లు లాగుదామని ఆగేవాళ్లు ఆ ఆదాతోనే హ్యామర్‌ను పోగొట్టుకుంటారు.

సున్నపురాతిలో ఇంతకంటే మోసం ఉంది. అక్కడ బటన్లు అరగవు, నున్నగా మెరుస్తుంటాయి. బిట్టు కొత్తదానిలా ఉంది కదా అని సాన పట్టరు. వెలుతురులో పెట్టి దగ్గరగా చూస్తే ఆ మెరుపు మీద సన్నటి పగుళ్ల వల కనిపిస్తుంది, పనివాళ్లు పాముపొలుసు అంటారు. రాయి అరగదీసి ఉంటే ఆ పగుళ్ల పొర దానంతటదే పోయేది. అరగదు కాబట్టి పగుళ్లు లోపలికి దిగి, ఒక రోజు బటన్ తల ముక్కగా ఊడిపోతుంది. అందుకే ఆ ప్రాంతంలో తిరిగే బండి, చదును కనపడకపోయినా కొన్ని బోర్లకొకసారి పైపొర తీయించాల్సిందే.

సాన పట్టడానికి డైమండ్ కప్పు (వజ్రపు పొడి పొదిగిన సానరాయి) కావాలి, నీళ్లు ధారగా పడుతుండాలి. మామూలు గ్రైండరు మీద ఎర్రబడేదాకా రుద్ది, నీళ్ల బకెట్లో ముంచే షాపులున్నాయి. చల్లారిందనుకుంటాం, నిజానికి కార్బైడు అప్పుడే చీలుతుంది. సాన తర్వాత తల మధ్యలో ఒక మిల్లీమీటరు చదును మిగిలినా పరవాలేదు. పూర్తిగా గుండ్రం చేయాలని తీస్తే బటన్ ఎత్తు వృథాగా పోతుంది. అంచు బటన్ల పక్కనున్న ఉక్కు వాటికంటే బయటకు వచ్చినట్టు కనిపిస్తే ఆ ఉక్కును కూడా తీయించాలి. లేకపోతే బిట్టు బోరులో బిగుసుకుంటుంది, బటన్లు పక్కకు కోసుకుపోతాయి. ఊడిన బటన్ స్థానంలో ఇంకోటి పెట్టి వెల్డింగు చేయించవద్దు. ఆ బటన్లు బిగువుగా కొట్టి కూర్చోబెట్టినవి. వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న ఉక్కు పదును పోయి, పక్క బటన్లు కూడా వదులవుతాయి. ఊడిన ముక్క బోరు అడుగున ఉండిపోతే దాని మీద కొత్త బిట్టు దింపడం కంటే పిచ్చిపని లేదు. గాలితో ఊదించాలి, రాకపోతే అయస్కాంతం దింపి తీయాలి.

వెయ్యి అడుగులు దాటే బోరులో మధ్యలో బిట్టు మార్చాల్సి రావచ్చు. అప్పుడు పెట్టే బిట్టు బయటకు తీసినదాని కంటే చిన్నదిగా ఉండాలి. బిట్టు అరిగేకొద్దీ బోరు కూడా కిందికి సన్నబడుతూ పోతుంది. కొత్త 165 మిల్లీమీటర్ల (ఆరున్నర అంగుళాల) బిట్టును ఆ సన్నటి చోట దింపితే ఇరుక్కుంటుంది, బలవంతం చేస్తే అంచు బటన్లు ఒక్క దెబ్బకే పోతాయి. అందుకే బండిలో బిట్లను వెడల్పు వరసలో ఉంచుకోవాలి. బోరు పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదానితో ముగించాలి.

అరుగుదల తీరు చూసి డ్రిల్లరు తప్పు కూడా పట్టుకోవచ్చు. అంచు బటన్లకు తిరిగే దిక్కున ముందువైపు చదునుంటే రాడ్లు అతిగా తిప్పుతున్నారని, వెనకవైపు ఉంటే మరీ మెల్లగా తిప్పుతున్నారని. గట్టి రాతిలో ఆరున్నర అంగుళాల బిట్టుకు నిమిషానికి సుమారు 20 చుట్లు చాలు.

కొనేటప్పుడు షాంక్ (హ్యామర్‌లోకి దూరే బిట్టు తోక) రకం హ్యామర్‌తో సరిపోవాలని చెప్పనక్కర్లేదు. డీహెచ్‌డీ 360 రకం హ్యామర్‌కి క్యూఎల్ 60 రకం బిట్టు ఎక్కదు. కానీ హ్యామర్ కింద బిట్టును పట్టే, అరిగిన చక్‌లో కొత్త బిట్టు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. చక్ గాడులు అరిగి ఉంటే బిట్టు షాంక్ గాడులను కూడా తినేస్తాయి. బిట్టు తోక చివరి ఫుట్ వాల్వ్ (గాలి గొట్టం) పగిలిందేమో, హ్యామర్‌కు నూనె అందుతోందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

చివరిగా రైతులకు. ఆరున్నర అంగుళాల బోరని డబ్బు కడతారు, అరిగిన బిట్టుతో వేస్తే చేతికొచ్చేది ఆరే కావచ్చు. ఆరంగుళాల బోరుకు చేసే సబ్‌మెర్సిబుల్ మోటారు ఒళ్లే 140 నుంచి 145 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, పక్కన కేబులు కూడా దిగాలి. సన్నబడిన చోట మోటారు రాసుకుంటే కేబులు చీరుకుపోతుంది, మోటారు ఇరుక్కుంటే పైకి కూడా రాదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు బిట్టు వెడల్పును ఎదురెదురు అంచు బటన్ల మీద కొలత సాధనమైన వెర్నియర్‌తో కొలిపించండి. చివరి రాడ్డు తీశాక మళ్లీ కొలిపించండి. రెండు కొలతలూ, అడుగులతో పాటు కేసింగ్ పొడవూ బిల్లులో రాయించుకోండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బండ్లను రిజిస్టర్ చేసే అధికారులు ఈ రెండు కొలతలను బిల్లులో తప్పనిసరి చేస్తే బండి యజమానులకు నష్టమేమీ లేదు, సాన సమయానికి పట్టించేవాళ్లకైతే అసలు లేదు.

ఇట్లు,
బోరు బిట్లు సాన పట్టే పనివాళ్లం,
అనంతపురం