అనరోబిక్ సీలెంటు గురించి ఒక్క ప్రశ్న, మూడుసార్లు మూసివేసిన ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

నమస్కారములు.

మీ సంస్థ తయారుచేసే అనరోబిక్ సీలెంటును, అంటే లోహపు అతుకుల్లోంచి ఆయిల్ కారకుండా పూసే, గాలి అందకపోతేనే గట్టిపడే ద్రవాన్ని, పన్నెండేళ్లుగా వాడుతున్న ఇంజిన్ మెకానిక్‌ను నేను. ఒక సీసా సరుకు పనిచేయలేదన్న కోపంతో ఈ లేఖ రాయడం లేదు. సరుకన్నాక ఎప్పుడో ఒకసారి తేడా వస్తుంది, ఆ మాత్రం ఓర్పు నాకుంది. అయితే ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఐదు వారాలైనా జవాబు రాకపోవడం, పైగా నేను అడగని ప్రశ్నలకు మీరే జవాబులు చెప్పుకొని నా ఫిర్యాదును మూడుసార్లు మూసివేయడం మాత్రం మింగుడుపడలేదు.

నాలుగు సిలిండర్ల కారు ఇంజిన్ ఒకటి పూర్తిగా విప్పి, బేరింగులు మార్చి తిరిగి బిగించాను. దాని బ్లాకుకూ (సిలిండర్లుండే భాగం), క్రాంక్ ఇరుసును కింది నుంచి పట్టుకునే క్రాంక్‌కేసుకూ మధ్య ప్యాకింగ్ ఉండదు. రెండింటినీ కలిపి బిగించిన తరువాతే బేరింగు రంధ్రాలు తొలుస్తారు కాబట్టి, మధ్యలో కాగితమంత మందం చేరినా క్రాంక్ ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఉండాల్సిన సందు లెక్క తప్పుతుంది. అందుకే అక్కడ మీ సరుకును నమ్ముకున్నాను. రెండు ముఖాలనూ జిడ్డు లేకుండా తుడిచి, బోల్టు రంధ్రాల చుట్టూ సన్నని తీగలా పెట్టి, టార్క్ రెంచితో వరుస తప్పకుండా బిగించి, 24 గంటలు ఆగిన తరువాతే ఆయిల్ పోశాను. రెండో రోజుకే అతుకు పొడవునా ఆయిల్ చెమర్చింది. ఇంజిన్ మళ్లీ దించి విప్పి చూస్తే లోపలి సీలెంటు పెట్టిననాడు ఎలా ఉందో అలాగే, ఎర్రగా, తేనెలా వేలికి అంటుకుంది. ఇనుము మీద కంటే అల్యూమినియం మీద ఇది నెమ్మదిగా గట్టిపడుతుందని నాకు తెలుసు. అందుకే అడిగాను: ఈ రకానికి అల్యూమినియం మీద యాక్టివేటర్ (గట్టిపడటాన్ని వేగపరచడానికి ముందుగా పూసే ద్రవం) తప్పనిసరా, లేక నాకు వచ్చింది పాత సరుకా?

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఆ తరువాత ఒక అబ్బాయికి కలిపారు. మాట మర్యాదగానే ఉంది. "బిగించే ముందు ఒక రోజంతా ఆరబెట్టారా సార్?" అని అడిగాడు. ఇది ఆరేది కాదు బాబూ, గాలి అందకుండా లోహం మధ్య నలిగితేనే గట్టిపడుతుంది, ఆరుబయట పెడితే నెలైనా ద్రవంగానే ఉంటుంది, అందుకే మీవాళ్లు సీసా నిండా పోయకుండా లోపల గాలికి చోటు వదులుతారు అని ఓపికగా వివరించాను. అంతా విని అతడు, "అంటే మీకు సీసా సగం ఖాళీగా వచ్చిందా?" అన్నాడు. మీ సరుకు గుణం మీ ఉద్యోగికి నేర్పినందుకు నాకు దక్కిన గురుదక్షిణ ఏమిటంటే, నా ఫిర్యాదు "పరిమాణం తక్కువ" అనే పేరుతో నమోదైంది. మూడు రోజులకు సందేశం వచ్చింది: సీసాలో సరుకు సరిపడా ఉన్నట్లు నిర్ధారించాం, మీ సమస్య పరిష్కారమైంది.

రెండోసారి మాట్లాడిన ఉద్యోగిని గాజు పలక మీద కొంచెం రాసి, మర్నాడు ఫొటో తీసి పంపమన్నారు. గాజు మీద, అదీ గాలిలో ఉంచితే ఇది ఏమీ కాదని తెలిసి కూడా, పెద్ద సంస్థ అడిగింది కదా అని పంపాను. "ఉత్పత్తి ద్రవస్థితిలో ఉంది, చెడిపోలేదు" అని జవాబిచ్చి రెండోసారి మూసేశారు. ద్రవస్థితిలో ఉండటమే నా బాధ అని ఎవరితో మొరపెట్టుకోవాలి?

ఆ తరువాత సాంకేతిక విభాగం వారే ఫోన్ చేస్తారన్నారు. పది రోజులు ఎదురుచూశాను. చివరకు నేను కారు కింద, మోచేతుల దాకా ఆయిల్‌తో ఉన్నప్పుడు ఫోన్ మోగింది. చేతులు తుడుచుకొని లేచేసరికి ఆగిపోయింది. రెండు నిమిషాలకు "వినియోగదారుడు అందుబాటులో లేరు" అంటూ మూడోసారి మూసేశారు. ఆ నంబరుకు తిరిగి చేస్తే ఇన్‌కమింగ్ సౌకర్యం లేదని వినిపించింది. నాకు సరుకు అమ్మిన డీలరును అడగమని మీరూ, కంపెనీనే అడగమని డీలరూ అన్నారు. ఈలోగా ఇంకొకరు, మీ సంస్థదే సిలికాన్ సీలెంటు వాడి చూడమని సలహా ఇచ్చారు. అతుకులోంచి లోపలికి పిండుకున్న సిలికాన్ పోగులు ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే కొత్త బేరింగులకు ఆయిల్ ఎలా అందుతుందో ఆ సలహాదారు గారే చెప్పాలి. అన్నిటికీ మించి, ఇంత జరిగాక, మా సేవకు ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారని ఒక సందేశం!

గాలి ఆడినంతసేపు మీ సీలెంటు గట్టిపడదు. మర్యాదగా అడిగినంతసేపు మీ నోట గట్టి మాట రాదు. ఎంతోమంది తోటి మెకానిక్‌లకు నేనే మీ సరుకు పేరు చెప్పి కొనిపించాను, ఇప్పుడు వారికి ఈ కథ కూడా చెప్పక తప్పదు. బండి యజమాని దగ్గర మాట పోయింది, ఒకసారి సాగిన బోల్టులు మళ్లీ వాడకూడదు కనుక అవీ కొత్తవి కొన్నాను, చేసిన పనే మళ్లీ చేశాను. వీటికి మీరు ఏమి న్యాయం చేస్తారో మీకే వదిలేస్తున్నాను. కానీ నా ప్రశ్నకు మాత్రం, సీలెంటు సంగతి తెలిసిన మనిషి సంతకంతో, పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే మీ మూడు "పరిష్కారాల"నూ వరుసగా జతచేసి వినియోగదారుల న్యాయస్థానానికి వెళతాను.

సీసాను మూత బిగించి అలాగే ఉంచాను. మీవారు ఎప్పుడు వచ్చినా చూపిస్తాను. దయచేసి అందులో సరుకు ఎంత ఉందో కొలవడానికి మాత్రం ఎవరినీ పంపకండి.

ఇట్లు,
మీ పన్నెండేళ్ల ఖాతాదారుడు